ఘాటు తెలియని ముక్కు

మా కూలీల ముఠాలో నాకు మేస్త్రి పని వచ్చింది నా తెలివితేటలు చూసి కాదు, నా ముక్కు చూసి. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, నాకేం. గుంటూరు జిల్లాలో మిరప కల్లాల మీద కూర్చుని పనిచేసినవాళ్లు మాత్రం నవ్వరు.

కల్లం అంటే ఎండిన కాయను కుప్ప పోసే చోటు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది దాటేదాకా మా ఊరి చుట్టూ ఎటు చూసినా ఎర్రగా అవే. ఆడవాళ్లం కుప్ప చుట్టూ వరసగా కూర్చుని మంచి కాయ ఒక పక్కకి, రంగు వెలిసిన తాలు కాయ ఇంకో పక్కకి ఏరాలి. చెయ్యి పెట్టి కదిపినప్పుడల్లా సన్నటి పొడి లేస్తుంది. అది ముక్కులోకి పోయిందంటే తుమ్ములు, దగ్గులు, కళ్లవెంట ధారలు. ఇక మగవాళ్లు బస్తాలో కాయ పోసి కాళ్లతో తొక్కేటప్పుడైతే చెప్పక్కర్లేదు, పక్క చేలో మేసే గేదెలు కూడా తుమ్ముతాయి. అలాంటి చోట నేను నోటికి కొంగు చుట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయిలా కూర్చునేదాన్ని. గొంతులో కాస్త గరగర, కళ్లలో కాస్త చెమ్మ, అంతే. ఒక్క తుమ్ము వచ్చేది కాదు.

"ఈ అమ్మాయి ముక్కు మిరపకాయ కోసమే పుట్టిందిరా" అనేవాడు ఒక పెద్ద రైతు. మా వీధి ఆడవాళ్లు అది అమ్మవారిచ్చిన వరమనేవాళ్లు. అసలు సంగతేమిటంటే నా ముక్కు పనిచేయదు. రెండు రంధ్రాలూ ఎప్పుడు పూర్తిగా మూసుకుపోయాయో నాకే గుర్తులేదు. పడుకుంటే నోరు తెరుచుకుని పడుకోవాలి. పొద్దున లేచేసరికి నాలుక ఎండిపోయిన తోలుముక్కలా ఉండేది. అన్నం తింటుంటే రెండు ముద్దలకొకసారి ఆగి నోటితో గాలి పీల్చుకోవాలి. పూలవాసన, పులుసు వాసన, ఏదీ తెలిసేది కాదు. వేరే ఊళ్లో అయితే దాన్ని రోగం అనేవాళ్లేమో. మా ఊళ్లో వరం అన్నారు, నేనూ నమ్మాను. నమ్మడమేమిటి, గర్వపడ్డాను.

మేస్త్రిని అయ్యాక నా చేష్టలు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముఠాలోకి కొత్త మనిషి వస్తానంటే ముందు బాగా ఘాటుండే తేజ రకం కాయ ఒకటి తీసుకుని ఆమె ముక్కు దగ్గర పుటుక్కున విరిచేదాన్ని. మూడు తుమ్ములకు మించి తుమ్మిందా, వరస చివర కూర్చోవాల్సిందే. పని మధ్యలో లేచి బోరు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంటామంటే ఒప్పుకునేదాన్ని కాదు. "తుమ్మొస్తే కూర్చునే తుమ్మండి. లేస్తే పావుగంట కబుర్లు, నాకు తెలీదా" అనేదాన్ని. నాకు ముక్కు మీద కోపం అని ఊరంతా పేరు. ఎవరైనా కళ్లు తుడుచుకుంటుంటే అవి పని ఎగ్గొట్టే నాటకాలనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, నిజంగానే అనుకున్నాను. నాకు మండదు, ఎవరికైనా ఎందుకు మండాలి?

మా అత్త కూడా ముఠాలోనే ఉండేది. ఆవిడ నాకు సొంత మేనత్త, మా నాన్న అక్క. ఆవిడ కొడుకునే చేసుకున్నాను కాబట్టి మొగుణ్ని బావా అనే పిలుస్తాను. మా అత్త నోరు పెద్దది, మనసు మెత్తన. ఊళ్లో ఎవరి కూర ఉప్పెక్కువైందో, ఎవరి దూడ పాలు తాగడం లేదో అన్నిటికీ ఆవిడ దగ్గరొక సలహా ఉండేది. అటువంటి మనిషి మీద ఒక ఏడాది ఇరవైమంది ముందర అరిచాను. ఆ రోజు ఆవిడ రెండోసారి బోరు దగ్గరికి వెళ్లొచ్చింది.

"అత్తా, మాటిమాటికీ నువ్వే లేచి పోతా ఉంటే కుప్ప ఎప్పటికి తెమిలిద్ది? ఇంటి మనిషివి నువ్వే ఇట్టా చేస్తే మిగతావాళ్లు నా మాట ఇంటారా?"

అందరూ తలలు వంచుకున్నారు. మా అత్త ఏదో ఒకటి తిరిగి అంటుందని ఎదురుచూశాను. ఆవిడ తడి కొంగు పిండుకుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆ ఏడే కాదు, పై ఏడు కూడా పని మధ్యలో లేవలేదు. ఇంటి మనిషని కూడా చూడకుండా మాట్లాడానని నా న్యాయానికి నేనే మురిసిపోయాను.

ఆ పై ఏడు కల్లం మీదే నాకు ప్రాణం మీదికొచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. ఎవరో ఏదో జోకు వేశారు. నోట్లో ముద్ద ఉంది, నవ్వొచ్చింది, గాలి కూడా ఆ నోటితోనే పీల్చుకోవాలి. మూడూ ఒక్కసారి వచ్చేసరికి పొలమారింది. మామూలుగా పొలమారితే ఎవరో తలుచుకున్నారని నెత్తిన తడతారు. ఇది అలాంటిది కాదు. గాలి లోపలికీ పోదు, బయటికీ రాదు. కళ్ల ముందు చుక్కలు. మా అత్త నా వీపు మీద రెండు చేతులతో దబదబా బాదుతూ కేకలు పెట్టడం ఎక్కడో దూరం నుంచి వినిపించింది. ముద్ద బయటపడ్డాక కూడా ఆవిడ బాదడం ఆపలేదు.

మర్నాడే బావ నన్ను గుంటూరు తీసుకెళ్లాడు. డాక్టరు చిన్న లైటు పెట్టి ముక్కులోకి చూసి, ఫోటోలు తీయించి, వాటిని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ముక్కు మధ్య దూలం బాగా వంకరపోయిందమ్మా. అది చాలదన్నట్టు రెండు వైపులా కండలు పెరిగాయి. ఇన్నాళ్లూ గాలి ఎలా పీల్చుకుంటున్నారు?"

"నోరుందిగా సార్."

"ఏం పని చేస్తారు?"

"మిరపకాయలు ఏరతానండి."

ఆయన లైటు పక్కన పెట్టేశాడు. "ఈ ముక్కుతోనా?"

"ఈ ముక్కు ఉండబట్టేనండి" అన్నాను. బావ నేల చూపులు చూస్తున్నాడు.

ఆపరేషన్ చేసి దూలం సరిచేసి కండలు తీసేస్తే గాలి ఆడుతుందని, నిద్ర పడుతుందని, వాసన కూడా రావచ్చని డాక్టరు చెప్పాడు. కండలు కొందరికి మళ్లీ పెరుగుతాయని, చూపించుకుంటూ ఉండాలని కూడా దాచకుండా చెప్పాడు. అవన్నీ ఒక చెవిన విన్నాను. నేను అడిగింది ఒక్కటే.

"తర్వాత మిరప ఘాటు తెలుస్తుందాండీ?"

"తెలియకుండా ఎలా ఉంటుందమ్మా? అందరికీ తెలిసినట్టే మీకూ తెలుస్తుంది."

అక్కడే నాకు ఆపరేషన్ మీద మనసు విరిగిపోయింది. తిరుగు బస్సులో బావతో తేల్చి చెప్పాను, చేయించుకోనని. ముక్కు తెరుచుకుంటే కల్లం మీద కూర్చోలేను. కూర్చోలేకపోతే మేస్త్రిని కాను. పదో తరగతి తప్పి వచ్చినదాన్ని, నన్ను చూసి నలుగురు లేచి నిలబడే చోటు లోకంలో అదొక్కటే ఉంది. ఊపిరి కోసం దాన్ని వదులుకోవాలా? నవ్వకండి. ఊపిరి ఎలాగో నోటితో వస్తూనే ఉంది, మర్యాద మాత్రం ఆ ముక్కుతోనే వచ్చింది.

ఊళ్లో సలహాలకు కొదవా? పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమన్నారు ఒకరు. వాము వేయించి మూటకట్టి పీల్చమన్నారు ఇంకొకరు. పీల్చడానికి ముక్కుంటే ఈ గోలంతా ఎందుకు చెప్పండి. తన తోటికోడలి తమ్ముడికి ఆపరేషన్ చేస్తే గొంతు మారిపోయి ఫోన్లో ఎవరూ గుర్తుపట్టడం లేదని చెప్పిందొకావిడ. కత్తి పెట్టాలంటే ముక్కుపుడక తీయాలి, మొగుడు గుండ్రాయిలా ఉండగా అదేం పని అని ఇంకొకావిడ. నా ముఠావాళ్లయితే, "మేస్త్రీ, నీ ముక్కు బాగైతే మా గతేంది? మంచి కల్లాలన్నీ నీ పేరు మీదేగా వచ్చేది" అని సగం నవ్వులాటగా, సగం నిజంగా అన్నారు.

బావ ఏమీ అనేవాడు కాదు. ఆయన తీరే అంత, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. కాకపోతే ఒకరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే ఆయన అరచెయ్యి నా నోటికి జానెడు దూరంలో ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"ఏం లేదు. ఊపిరి వస్తుందా లేదా అని."

"ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావ్?"

"కల్లంలో పొలమారిన కాడ్నుంచి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పడుకో" అని కసిరాను. అటు తిరిగి పడుకున్నాను గానీ గుండె కరిగిపోయింది. ఆ మనిషి అన్నాళ్లుగా సరిగ్గా నిద్రపోవడం లేదని అప్పుడు తెలిసింది నాకు.

వింతేమిటంటే, ఊరందరికీ సలహాలిచ్చే మా అత్త ఈ ఒక్క విషయంలో నోరు విప్పలేదు. చేయించుకోమనలేదు, వద్దనలేదు. నేను ఆ మాట ఎత్తితే చాలు, లేచి దొడ్లోకి పోయేది. రెండో ఏడు నడుస్తోంది. ఇంకో మిరప కోత కూడా అయిపోయింది. నేను ఆవిడ మౌనానికి నాకు తోచిన అర్థం చెప్పుకున్నాను. కోడలు మేస్త్రిగా ఉంటే తనకూ గొప్పే కదా, అందుకే మాట్లాడదులే అనుకున్నాను. కడుపులో పెట్టుకోవడమెందుకు, ఒకట్రెండుసార్లు ఆ కోపం గిన్నెల మీద చూపించాను కూడా. అత్త మీది కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ వానాకాలంలో జలుబు చేసింది నాకు. నోటితో కూడా గాలి సరిగ్గా ఆడేది కాదు. మధ్యాహ్నం గోంగూర పచ్చడి కలుపుకుని తింటున్నాను. ముద్ద పెట్టుకోవడం, ఆగడం, ఆయాసపడడం, మళ్లీ ముద్ద. మా అత్త ఎదురుగా కూర్చుని తన కంచంలో చెయ్యి కడిగేసుకుంది. అన్నం సగం అలాగే ఉంది.

"ఏంది అత్తా, తినకుండానే చెయ్యి కడిగావ్?"

"దిగట్లేదే. నువ్వు ముద్దముద్దకీ నీళ్లలో నుంచి బయటపడ్డ చేపలాగా నోరు తెరుస్తుంటే నాకెట్టా దిగుద్ది? చూడలేకపోతున్నా తల్లీ. పోయి ఆపరేషన్ చేయించుకో."

"మరి కల్లం?"

"కల్లం కాలిపోనీ! ముందు నువ్వు బతుకు. నీ దుంప తెగ, అన్నం తినడం కూడా నీకు కూలిపనిలాగా అయిపాయె." అని కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ అంది. "కాకపోతే ఒక మాట. రేపు అయ్యాక నన్ను తిట్టుకోబాకు."

ఆపరేషన్ కోత నొప్పి గురించి అంటోందనుకున్నాను. "తిట్టుకోనులే" అన్నాను. రెండేళ్లుగా ఎవరు చెప్పినా వినని దాన్ని ఆవిడ కంచంలో మిగిలిన సగం అన్నం చూసి ఒప్పుకున్నాను.

ముక్కుపుడక ఆవిడే తీసింది, ఆస్పత్రికి బయల్దేరే ముందు, తులసికోట దగ్గర కూర్చోబెట్టి. మర ఎప్పుడో బిగుసుకుపోయింది. కొబ్బరినూనె రాసి, ఊది, మెల్లగా తిప్పుతూ, "అమ్మా అనబాకు, అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది. నేను ముప్పై దాటిన మనిషిని. ఆవిడకు మాత్రం అప్పుడు ఆరేళ్లదాన్ని.

ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. మత్తిచ్చారు, లేచాను. ముక్కు నిండా గుడ్డ కూరారు. రెండు రోజులు మొహం మీద రోలు పెట్టినట్టుంది. మూడో రోజు ఆ గుడ్డ లాగినప్పుడు మాత్రం డాక్టరు వంశాన్నంతా లోపల్లోపల తిట్టుకున్నాను. అది వచ్చేశాక ఆయన "ఇప్పుడు నోరు మూసి పీల్చండి" అన్నాడు. నోరు మూయాలంటే భయం వేసింది. బావ వైపు చూశాను, ఆయన తల ఊపాడు. మూసి పీల్చాను. చల్లటి గాలి ముక్కులో నుంచి నుదుటి దాకా పోయింది. గాలి చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఏడుపొచ్చింది. ఏడవకూడదు, ముక్కు మళ్లీ దిబ్బడ వేస్తుందని నర్సు అరిచింది.

పచ్చి ఆరడానికి కొన్ని వారాలు పట్టింది. వాసనలు ఒక్కొక్కటే వచ్చాయి. ముందు ఫినాయిల్, తర్వాత ఇంట్లో తడిసిన గోనెపట్టా, తర్వాత పోపు. ఒకరోజు బావ చొక్కా ఉతకడానికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాను.

"బావా, ఇది చుట్ట వాసన కదూ?"

పెళ్లినాడు నాకు ఒట్టేసి మానేసిన మనిషి ఆయన. దర్శి వైపు పొగాకు పనికి వెళ్లే స్నేహితుడొకడు తెచ్చిస్తాడట. పన్నెండేళ్ల కాపురంలో రోజూ నా పక్కనే కూర్చుని హాయిగా మోసం చేశాడు. తిట్టాల్సినదాన్ని, నవ్వు ఆపుకోలేకపోయాను. "ఇది బయటపడుద్దని తెలిసీ నీకు ఆపరేషన్ వద్దనలేదు చూడు, ఎంత మంచోణ్నో" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదలు.

నోరు మూసుకుని నిద్రపోయాను. ఆయనా నిద్రపోయాడు. అన్నం ఆగకుండా తిన్నాను. మా అత్త ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ముద్దా చూస్తుండేది.

కోతలొచ్చాయి. ఇంకా రెండు వారాలు ఆగమని మా అత్త పోరింది. నేను వింటానా? నా ముఠా, నా కల్లం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకాన్ని. మొదటి రోజే నోటికీ ముక్కుకీ రెండు మడతల గుడ్డ కట్టుకుని, మేస్త్రిలా నడిచి వెళ్లి నా చోట్లో కూర్చున్నాను. ఇరవై మందీ నన్నే చూస్తున్నారు. కుప్పలోకి చెయ్యి పెట్టి ఒక్క దోసెడు కాయ ఎత్తాను.

ముక్కులో నిప్పు పెట్టినట్టయింది. అది కళ్లలోకి, చెవుల్లోకి, నడినెత్తికి పాకింది. తుమ్ము మీద తుమ్ము. ఊపిరి తీద్దామంటే ఇంకాస్త మంట లోపలికి పోతుంది. గుడ్డ పీకేసి, కాళ్ల కింద కాయ తొక్కుకుంటూ బోరు దగ్గరికి పరుగెత్తాను. వెనకనుంచి ఎవరో "మేస్త్రీ, కూర్చునే తుమ్మాలి!" అని అరిచారు. అందరూ గొల్లున నవ్వారు. నవ్వుతూనే దగ్గారు, తుమ్మారు. ఆ దగ్గులు, ఆ తుమ్ములు పదేళ్లుగా నేను రోజూ వింటున్నవే. ఆ రోజే మొదటిసారి అవి ఎక్కడినుంచి వస్తాయో నాకు తెలిసింది.

నేను పంపు పట్టుకుని వంగి ఉంటే మా అత్త వెనకాలే వచ్చింది. ఆవిడే పంపు కొట్టి నా మొహం మీద నీళ్లు చల్లింది. తల ఎత్తి చూశాను. ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ముక్కు చివర చర్మం లేచిపోయి ఉంది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఆవిడ మొహం అలాగే ఉంటుంది. వయసుకు అలా అయ్యిందనుకున్నాను ఇన్నాళ్లూ.

"అత్తా, నీకు రోజూ ఇట్టాగే మండేదా?"

"నా ఒక్కదానికా? అందరికీ మండుద్ది."

"మరి ఆ రోజు అంతమందిలో అరిచినప్పుడు చెప్పొచ్చుగా నాకు!"

"మండనోళ్లకి మంటేందో ఎట్టా చెబుతాం తల్లీ? చెబితే మాత్రం నమ్ముతావా నువ్వు?" పంపు ఆపి నా మొహం మీద జుట్టు వెనక్కి తోసింది. "అయినా నాకదే బాగుండేదే. నేనెట్టాగూ మండుతా కూర్చునేదాన్నే. ఇంట్లో నువ్వొక్కదానివన్నా మండకుండా కూర్చున్నావు గదా అని, నిన్ను చూసుకుని కూర్చునేదాన్ని. అందుకే రెండేళ్లు ఆపరేషన్ మాట ఎత్తలా. ఈ మంట నీక్కూడా తగిలించడానికి నాకు నోరు రాలా. ఆ మాట ఎత్తేలోగా నీ ఊపిరి ఎంత పోయిందో చూడు, పాపిష్టిదాన్ని."

నా న్యాయం, నా పెద్దరికం, తేజ కాయ విరిచి పెట్టిన పరీక్షలు, ఆవిడ మౌనానికి నేను కట్టిన అర్థాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే మా ముఠాలో గంటకొకసారి అందరూ లేచి మొహం కడుక్కునే పద్ధతి పెట్టాను. తర్వాత చుట్టుపక్కల ముఠాలు కూడా అడిగి పెట్టించుకున్నాయి. నా మేస్త్రి పనీ పోలేదు. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"తప్పయిపోయింది అత్తా" అన్నాను.

"ఏడిశావులే. లోపల పొడి ఉండిపోతే రేపటిదాకా మండుద్ది" అని తన కొంగు తడిపి, చిన్నపిల్లకు పట్టినట్టు నా ముక్కుకు పట్టింది. "ఊఁ, చీదు. గట్టిగా చీదు."

చీదాను.